పండగ తర్వాత మొదటి వారం

కనుమ దాటిన మర్నాటి నుంచి విజయవాడ–హైదరాబాద్ జాతీయ రహదారి మీద రద్దీ దిశ మారుతుంది. భోగి ముందురోజు దాకా ఊళ్లవైపు బారులు తీరిన కార్లు ఇప్పుడు చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేటు ముందు నగరంవైపు బారులు తీరతాయి. డిక్కీల్లో బియ్యం బస్తాలు, అరిసెల డబ్బాలు, అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసాలు. కాకినాడ నుంచి గౌతమి, విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లు కాలు పెట్టే సందు లేకుండా రాత్రంతా నడిచి తెల్లారేసరికి జనాన్ని నగరంలో దింపుతాయి. ప్రైవేటు బస్సుల్లో వచ్చినవాళ్లు ఎల్బీనగర్‌లోనో మియాపూర్‌లోనో కళ్లు నులుముకుంటూ దిగి ఆటో వెతుక్కుంటారు. ఆరింటికి ఇల్లు చేరినవాళ్లు పదింటికల్లా ఆఫీసులో ఉండాలి.

ఆ పదింటికి మనిషికి ఏమవుతోందన్నది కొలిచి చూడదగ్గ ప్రశ్నేనని చాలాకాలం ఎవరికీ తోచలేదు. బద్ధకమన్నారు, పండగ మత్తన్నారు, రెండ్రోజులు పోతే అదే సర్దుకుంటుందన్నారు. గడిచిన నాలుగు దశాబ్దాల్లో మాత్రం మనస్తత్వ శాస్త్రజ్ఞులు, నిద్ర మీద పనిచేసే పరిశోధకులు ఈ సంగతిని గట్టిగా పట్టుకున్నారు. సెలవుకు ముందు, సెలవులో, సెలవు తర్వాత ఉద్యోగుల్ని అవే ప్రశ్నలు అడిగి, జవాబులు పక్కపక్కన పెట్టి చూశారు. సెలవులో కూడగట్టుకున్న బలం ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చడంలో తిరిగొచ్చాక ఎదురయ్యే రోజులదే పెద్ద చెయ్యి అని తేలింది.

టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన మీనా వెస్ట్‌మన్, డోవ్ ఈడెన్ 1997లో ప్రచురించిన అధ్యయనం ఈ దారిలో ఒక మైలురాయి. ఇజ్రాయెల్‌లోని ఒక ఎలక్ట్రానిక్స్ సంస్థలో గుమాస్తా పనులు చేసే 76 మందిని వాళ్లు ఐదుసార్లు ప్రశ్నించారు. సెలవుకు ముందు రెండుసార్లు, సెలవు మధ్యలో ఒకసారి, పనిలో చేరిన మూడు రోజులకు ఒకసారి, మూడు వారాలకు మరోసారి. పని ఒత్తిడితో మనిషి లోపల్లోపల కాలిపోయినట్టయ్యే స్థితి, అంటే బర్నవుట్, సెలవులో స్పష్టంగా తగ్గింది. మూడు రోజులకే అందులో కొంత తిరిగొచ్చింది. మూడు వారాలకు మొత్తం వెనక్కి వచ్చి, సెలవుకు ముందు ఎక్కడుందో అక్కడికి చేరింది.

నెదర్లాండ్స్‌లో నైమేఖన్ నగరంలోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయంలో జెస్సికా డి బ్లూమ్ బృందం ఇంకా దగ్గరగా చూసింది. 2009లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టితే, సెలవు వల్ల ఆరోగ్యానికి, మనశ్శాంతికి మేలు ఉన్న మాట నిజమే కానీ అది చిన్నదనీ, రెండు నుంచి నాలుగు వారాల్లో కరిగిపోతుందనీ వచ్చింది. 2013లో వాళ్లే సగటున 23 రోజుల వేసవి సెలవు తీసుకున్న 54 మందిని వెంబడించారు. హాయి రోజురోజుకూ పెరుగుతూ ఎనిమిదో రోజు ప్రాంతంలో పతాకస్థాయికి చేరింది. అంత పొడవైన సెలవు తర్వాత కూడా, తిరిగి పనిలో చేరిన మొదటి వారంలోనే ఆ హాయి పాత మట్టానికి దిగిపోయింది. ఇరవై మూడు రోజులు పోగేసుకున్నది ఏడు రోజుల్లో ఖర్చయిపోయిందన్నమాట.

అలాగని సెలవు దండగ అనుకుంటే పొరపాటే. అమెరికాలో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 12,338 మంది నడివయసు మగవాళ్లను తొమ్మిదేళ్లపాటు గమనించిన వివరాలను బ్రూక్స్ గంప్, కరెన్ మాథ్యూస్ 2000లో ప్రచురించారు. ఏటా సెలవు తీసుకున్నవాళ్లలో మరణాలు తక్కువగా ఉన్నాయి, ముఖ్యంగా గుండెజబ్బు మరణాలు. సెలవు తీసుకోగలిగినవాళ్లు మొదటినుంచీ కాస్త ఆరోగ్యవంతులో, కలిగినవాళ్లో అయి ఉండొచ్చు కాబట్టి దీన్ని తిరుగులేని రుజువుగా తీసుకోకూడదు. పరిశోధకులు చదువు, ఆదాయం, ఉన్న జబ్బుల వంటి తేడాలను లెక్కలోంచి తీసేసి చూసినా సంబంధం మాత్రం నిలిచింది. మేలు చేస్తుంది, కానీ నిలవదు. నిలవకపోవడానికి కారణమేమిటి?

జర్మనీలో 131 మంది బడి టీచర్లు దీనికి మంచి జవాబిచ్చారు. యానా క్యూనెల్, సబీన్ జొన్నెన్‌టాగ్ 2011లో ప్రచురించిన ఈ అధ్యయనంలో టీచర్లు సెలవుల నుంచి హుషారుగా తిరిగొచ్చారు. నెల తిరక్కముందే ఆ హుషారు పోయింది. అయితే అందరికీ ఒకే వేగంతో పోలేదు. తిరిగొచ్చిన రోజుల్లో పని భారం ఎక్కువ పడ్డవాళ్లకు తొందరగా పోయింది. సాయంత్రాలు, వారాంతాల్లో నిజంగా సేదతీరినవాళ్లకు నెమ్మదిగా పోయింది. సెలవు ఫలితం ఆవిరవడం ప్రకృతి నియమమేమీ కాదని, ఆ వేగం మీద మనిషికీ సంస్థకూ కొంత అదుపు ఉందని ఈ అధ్యయనం చెబుతుంది. తక్కిన అధ్యయనాలు రోగాన్ని వర్ణిస్తే, ఇది చికిత్స ఎక్కడుందో చూపించింది. ఈ అంశంపై వచ్చినవాటిలో అన్నిటికంటే విలువైనది ఇదేనని చెప్పడానికి సందేహించక్కర్లేదు.

ఇక ఆ మొదటి పొద్దున కంప్యూటరు ముందు ఏం జరుగుతుందో చూడాలి.

మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఊహించుకోండి. వారం తర్వాత లాగిన్ అయింది. పాస్‌వర్డ్ గడువు ముగిసింది, మార్చుకోవాలి. ఇన్‌బాక్స్ నిండా మెయిళ్లు. టీమ్ గ్రూపులో తను లేనప్పుడు మొదలై, వాదన ముదిరి, చివరికి తేలిపోయిన ఒక చర్చ. అది తేలిపోయిందని తెలియాలన్నా మొదటినుంచీ చదవాల్సిందే. పదిన్నరకి స్టాండప్, అంటే టీమంతా కలిసే రోజువారీ చిన్న మీటింగు. ‘ఇవాళ ఏం చేస్తున్నావు’ అని అడుగుతారు. ఏం చెయ్యాలో తెలుసుకోవడమే ఇవాళ్టి పని అని చెప్పడానికి నోరు రాదు. అందుకని పండగ ముందు సగంలో వదిలేసిన మాడ్యూల్ పేరు చెబుతుంది. తీరా ఫైలు తెరిస్తే, తను రాసిన కోడే ఎవరో రాసినట్టుంటుంది.

ఇది ఆ అమ్మాయి ఒక్కదాని అనుభవం కాదు. అమెరికాలోని జార్జియా టెక్‌కి చెందిన క్రిస్ పార్నిన్, స్పెన్సర్ రుగబర్ 86 మంది ప్రోగ్రామర్ల 10,000 పని సెషన్ల రికార్డులను తవ్వి చూశారు. కూర్చున్న నిమిషంలోపే కోడ్ రాయడం మొదలైన సెషన్లు నూటికి పది మాత్రమే. తక్కినవాటిలో మొదట అటూ ఇటూ ఫైళ్లు తిరగెయ్యడం, ఎక్కడ ఆపామో వెతుక్కోవడం, పాత మార్పులు చదువుకోవడం జరిగింది. ఇది భోజనం చేసి వచ్చినా, మీటింగునుంచి వచ్చినా జరిగే సంగతి. వారం పది రోజుల విరామం తర్వాత ఆ వెతుకులాట ఎంత పెరుగుతుందో చెప్పనక్కర్లేదు. పని వివరాలు బుర్రలో ఒక అల్లికలా ఉంటాయి. వాడకంలో ఉన్నంతకాలమే అది బిగువుగా ఉంటుంది. మళ్లీ అల్లుకోవడానికి పట్టే కాలాన్ని బద్ధకం కింద జమకట్టడం అన్యాయం.

దానికి తోడు మెయిళ్లు. సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించిన సంగతి ఇక్కడ బాగా అన్వయిస్తుంది. ఒక పని తెగకుండా ఇంకో పనిలోకి దూకితే, ధ్యాసలో కొంత ముక్క మొదటి పని దగ్గరే ఉండిపోతుంది. రెండోది ఆ మేరకు దెబ్బతింటుంది. మొదటిరోజు ఇన్‌బాక్స్ అంటే గంటలో డజన్లకొద్దీ పనుల్లోకి దూకి, ఒక్కటీ తెగ్గొట్టకుండా బయటికి రావడమే. మధ్యాహ్నానికి తల బరువెక్కిందంటే ఎక్కడెక్కడో ఉండిపోయిన ఆ ముక్కలే కారణం. మెయిళ్లు తెరిచి చూసే వేళలు తగ్గిస్తే ఒత్తిడి తగ్గుతుందని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కోస్తాదిన్ కుష్లెవ్, ఎలిజబెత్ డన్ 2015లో చూపించారు. వారంపాటు రోజుకు మూడుసార్లే మెయిళ్లు చూసినవాళ్లు, ఎప్పుడు పడితే అప్పుడు చూసిన వారంకంటే తక్కువ ఒత్తిడితో ఉన్నారు.

సగంలో ఆగిన పని మనసుని పీకుతుందన్న మాట మరీ పాతది. 1927లో బెర్లిన్‌లో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ శిష్యురాలు బ్లూమా జైగార్నిక్, పూర్తయిన పనులకంటే పూర్తికానివే ఎక్కువ గుర్తుంటాయని ప్రకటించింది. తర్వాతివాళ్లు ఆ ప్రయోగాన్ని మళ్లీమళ్లీ చేస్తే ఒకసారి అదే ఫలితం వచ్చింది, ఇంకోసారి రాలేదు. జ్ఞాపకం సంగతి ఇవాళ అంత గట్టిగా చెప్పలేం. అదే బృందంలోని మరియా ఒవ్సియాంకినా గమనించింది మాత్రం నిలబడింది: మధ్యలో ఆపించిన పనిని సందు దొరగ్గానే మనుషులు తమంతట తామే మళ్లీ అందుకుంటారు. 2011లో మాసికాంపో, బౌమీస్టర్ అనే పరిశోధకులు దీనికి ఒక ఉపయోగపడే ముక్క జోడించారు. తీరని పని తాలూకు ఆలోచనలు వేరే పనికి అడ్డొస్తున్నప్పుడు, ఆ పనిని పూర్తి చెయ్యకపోయినా ఫర్వాలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చెయ్యాలో ఖాయంగా అనుకుంటే చాలు, అడ్డు తగలడం ఆగిపోతుంది.

అందుకే సెలవు తర్వాతి మొదటిరోజును చక్కబరచాలంటే మొదలుపెట్టాల్సింది సెలవుకు ముందురోజు సాయంత్రం. చాలామంది ఆ సాయంత్రాన్ని ‘వీలైనన్ని ముగించేద్దాం’ అనే హడావుడిలో గడిపేసి, బస్సు టైముకి పరుగెత్తుతారు. దానికి బదులు, చేతిలో ఉన్న పని ఎక్కడ ఆగింది, తిరిగొచ్చాక మొట్టమొదట ఏం చెయ్యాలి, ఎక్కడ చిక్కుముడి ఉంది అన్నవి నాలుగు వాక్యాల్లో రాసి పెట్టుకోవడం మేలు. లెరోయ్, థెరెసా గ్లోంబ్ 2018లో ఇలాంటి చిన్న చీటీనే పరీక్షించారు. పని మధ్యలో లేవాల్సి వచ్చినప్పుడు ఒక్క నిమిషం వెచ్చించి ‘ఎక్కడున్నాను, వచ్చాక ఏం చేస్తాను’ అని రాసుకున్నవాళ్ల ధ్యాస, తర్వాతి పనిమీద మెరుగ్గా నిలిచింది. వెళ్లేటప్పుడు మనసు తేలికవుతుంది, వచ్చేటప్పుడు దారి కనిపిస్తుంది. చీటీ మాత్రం వారం తర్వాత చదివినా అర్థమయ్యేలా ఉండాలి. ‘ఆ బగ్ చూడాలి’ అని రాస్తే ఏ బగ్గో గుర్తుండదు.

బుర్ర సంగతి ఇలా ఉంటే, ఒంటి సంగతి వేరు.

మెదడు అడుగుభాగంలో, కంటినరాలు కలిసేచోటికి కాస్త పైన, దాదాపు 20,000 నాడీకణాల గుత్తి ఒకటి శరీరానికి గడియారంలా పనిచేస్తుంది. హార్వర్డ్‌లో చార్లెస్ సైస్లర్ బృందం 1999లో కొలిస్తే, మనిషిలో ఈ గడియారం సగటున 24 గంటల 11 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతోంది. అంటే వదిలేస్తే రోజూ కాస్త ఆలస్యంవైపే జరుగుతుంది; పొద్దుటి వెలుగు కంట పడి దాన్ని వెనక్కి లాక్కొస్తూ ఉంటుంది. రాత్రి ఆలస్యంగా పడుకోవడం సులువుగా అలవాటై, పెందలాడే పడుకోవడం కష్టమవడానికి మూలం ఇక్కడుంది. సంక్రాంతి ఈ గడియారాన్ని చిత్రంగా గుంజుతుంది. భోగినాడు మంట వెయ్యడానికి నాలుగింటికే లేస్తారు, ఆ రాత్రి బంధువులతో కబుర్లలో ఒంటిగంట దాటుతుంది, మర్నాడు రెండో ఆట సినిమా, ఆ మర్నాడు ఎనిమిదింటికి నిద్రలేవడం. నిద్ర గంటలు లెక్కకు సరిపోయినా వేళలు చెల్లాచెదురవుతాయి. ఆ చెదిరిన నిద్ర పైన ఒక రాత్రి బస్సు ప్రయాణం.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింజెస్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో, రోజుకు ఆరు గంటలో అంతకంటే తక్కువో నిద్రపోయినవాళ్ల చురుకుదనం పద్నాలుగు రోజుల్లో, ఒకటి రెండు రాత్రులు పూర్తిగా మేలుకున్నవాళ్ల స్థాయికి పడిపోయింది. భయపెట్టే సంగతేమంటే, వాళ్లలో ఎక్కువమందికి తాము అంతగా దెబ్బతిన్నామని తెలియనే లేదు. నిద్ర చాలని మనిషి ‘బాగానే ఉన్నాను’ అంటే ఆ మాటను నమ్మడానికి లేదు.

సొంత కారులో తిరిగొచ్చేవాళ్లు మరీ ముఖ్యంగా తెలుసుకోవాల్సిన అంకె ఒకటుంది. ఆస్ట్రేలియాలో డ్రూ డాసన్, కాథరిన్ రీడ్ 1997లో చూపించిన దాని ప్రకారం, 17 గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి చేతి–కంటి సమన్వయం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి దిగుతుంది. మన మోటారు వాహనాల చట్టం అనుమతించే హద్దు 0.03 శాతమే. పొద్దున్న ఆరింటికి లేచి, పగలంతా చుట్టాలిళ్లు తిరిగి, రాత్రి భోజనం చేసి భీమవరంలో ఎనిమిదిన్నరకి బయల్దేరిన మనిషికి పదకొండింటికి, విజయవాడ దరిదాపుల్లోనే పదిహేడు గంటలు నిండుతాయి. ఇంకా సగానికి పైగా దారి మిగిలే ఉంటుంది. ‘రాత్రైతే ట్రాఫిక్ ఉండదు’ అనే లెక్క ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చిందో రహదారి పక్క ఊళ్లవాళ్లను అడిగితే చెబుతారు. ఒక్కరోజు లీవు ఎక్కువ పెట్టి పగటిపూట రావడం అన్ని విధాలా మంచిది. ఆ మిగిలిన ఒక్క సాయంత్రం బట్టలు ఉతుక్కోవడానికి, కూరగాయలు తెచ్చుకోవడానికి, పదింటికి పడుకోవడానికి పనికొస్తుంది.

డిసెంబరులో ఊరొచ్చి జనవరిలో అమెరికా తిరిగెళ్లే తెలుగు కుటుంబాలకు ఈ బాధ రెట్టింపు. చలికాలంలో హైదరాబాద్‌కీ న్యూజెర్సీకీ పదిన్నర గంటల తేడా. మధ్యాహ్నం మూడింటికి మీటింగులో కూర్చున్న మనిషి శరీరానికి అది రాత్రి ఒంటిగంటన్నర. తెల్లవారుజామున రెండింటికి కళ్లు విచ్చుకుంటే, దానికి అది మధ్యాహ్నం పన్నెండున్నర, పైగా ఆకలి. జర్మన్ శాస్త్రవేత్త యుర్గెన్ ఆషాఫ్ 1970లలో గమనించినట్టు, పడమటి దిక్కు ప్రయాణం తర్వాత శరీర గడియారం రోజుకు గంటన్నర చొప్పున, తూర్పు దిక్కయితే గంట చొప్పున సర్దుకుంటుంది. పదిన్నర గంటలంటే వారం పట్టడం మామూలే. శనివారం దిగి సోమవారం ఆఫీసుకి వెళ్లినవాళ్లు ఆ వారంలో పెద్ద నిర్ణయాలు, జీతం బేరాలు, సుదూర డ్రైవింగులు పెట్టుకోకపోవడం మంచిది. కొత్త ఊరి పగటి వెలుగులో ఆరుబయట తిరగడం, రాత్రి పడగ్గది చీకటిగా ఉంచడం ఆ గడియారానికి పనికొచ్చే మందులు.

ఇంతకీ సెలవులో మనిషిని బాగుచేసేది ఏది? ఖరీదైన హోటలా, కొండ మీది చల్లగాలా? టెల్ అవీవ్‌లోనే దలియా ఎట్జియాన్, సహచరులు 1998లో ఒక విచిత్రమైన సందర్భాన్ని పట్టుకున్నారు. ఇజ్రాయెల్‌లో ఉద్యోగులను అప్పుడప్పుడు సైనిక రిజర్వు విధులకు పిలుస్తారు. అలా వెళ్లొచ్చినవాళ్లలో కూడా ఉద్యోగపు ఒత్తిడి, బర్నవుట్ తగ్గాయి! సైన్యంలో విశ్రాంతి ఎక్కడుంటుంది? అయినా తగ్గడానికి కారణం, ఉద్యోగం నుంచి మనసు పూర్తిగా తెగిపోవడం. ఎంత తెగితే అంత మేలు కనిపించింది. 1,530 మంది డచ్చివాళ్ల మీద యెరూన్ నవైన్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇలాంటిదే చెప్పింది: యాత్ర ముగిశాక కూడా సంతోషం నిలిచింది, ‘సెలవు ఎంతో ప్రశాంతంగా గడిచింది’ అన్నవాళ్లలో మాత్రమే.

మామిడితోటలో మంచమేసుకుని పడుకుని ఆఫీసు వాట్సాప్ గ్రూపు చూస్తున్న మనిషి సెలవులో లేడు. ‘ఒక్క ఐదు నిమిషాలు కాల్‌లోకి వస్తావా’ అన్న మెసేజి ఆ ఐదు నిమిషాలనే కాదు, దాని ముందు గంట ఎదురుచూపునూ తర్వాత గంట ఆలోచననూ తినేస్తుంది. కాల్ చేసిన మేనేజరుకి ఆ రెండు గంటలు కనపడవు.

ఇక్కడ ఒక చిన్న సూక్ష్మం ఉంది. తెగిపోవడం ఎంత అవసరమో, తిరిగి అతుక్కోవడమూ అంతే అవసరం. జొన్నెన్‌టాగ్, క్యూనెల్ 2016లో 167 మంది ఉద్యోగుల దినచర్యలు పరిశీలిస్తే, ముందురోజు సాయంత్రం పనిని పూర్తిగా మర్చిపోవడమూ, మర్నాడు పొద్దున పని మొదలయ్యేముందు కాసేపు దాన్ని తలుచుకోవడమూ రెండూ ఆ రోజు పనిలో లీనతను పెంచాయి. రాయదుర్గం మెట్రోలో వెళ్తూ పదినిమిషాలు ‘ఇవాళ ముందు ఏది, ఎవరితో మాట్లాడాలి’ అనుకోవడం చాలు. ఆ పదినిమిషాలు మెయిళ్లు తెరవడానికి వాడితే మాత్రం ఫలితం వేరు. అప్పుడు రోజు ఎలా సాగాలో ఎదుటివాళ్లు నిర్ణయిస్తారు.

చేతి నైపుణ్యం కావాల్సిన పనుల్లో విరామం ప్రభావం ఇంకా సూటిగా కనిపిస్తుంది. అమెరికా విమానయాన నిబంధనల ప్రకారం గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చెయ్యని పైలట్ ప్రయాణికుల్ని ఎక్కించుకోకూడదు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో 2006–2010 మధ్య జరిగిన 56,000కి పైగా గుండె బైపాస్ ఆపరేషన్ల రికార్డులను జేసన్ హాకెన్‌బెరీ, లోరెన్స్ హెల్మ్‌చెన్ పరిశీలిస్తే, సర్జన్ ఆపరేషన్ థియేటరుకు దూరంగా ఉన్న రోజులు పెరిగేకొద్దీ రోగికి ముప్పు స్వల్పంగా పెరిగినట్టు తేలింది. సర్జన్లు సెలవు తీసుకోకూడదని దీని అర్థం కాదు. అలసిన సర్జన్ ఇంకా ప్రమాదం. మొదటిరోజున అత్యంత క్లిష్టమైన పనిని నెత్తినేసుకోకూడదన్నది ఇందులోంచి తీసుకోదగ్గ మాట. బ్యాంకు కౌంటర్లో ఉన్నా, టెస్టింగులో ఉన్నా, పదో తరగతికి లెక్కలు చెబుతున్నా ఇదే పద్ధతి: బాగా అలవాటైన, కొలతకు అందే, సాయంత్రానికి ముగిసే పని ఒకటి ముందు. చెయ్యి తిరిగాక పెద్దవి.

ఆ వారంలో సాయంత్రాలను కాపాడుకోవడం అన్నిటికంటే తరచుగా తప్పిపోయే సంగతి. పేరుకున్న పనిని మూడు రోజుల్లో ఊడ్చేద్దామని రాత్రి తొమ్మిది దాకా కూర్చుంటారు. జర్మన్ టీచర్ల అధ్యయనం చెప్పింది దీనికి సరిగ్గా ఎదురు. తిరిగొచ్చిన వారంలో సాయంత్రపు విశ్రాంతి, సెలవు ఫలితాన్ని నిలిపే ఊతం. వీలున్నవాళ్లు బుధవారమో గురువారమో పనిలో చేరితే రెండు మూడు రోజుల్లోనే వారాంతం వచ్చి పడుతుంది. సోమవారం చేరి ఐదురోజులూ ఏకధాటిగా లాగడంకంటే అది ఒంటికి తేలిక.

ఇక్కడిదాకా చెప్పుకున్నవి మనిషి చేతిలో ఉన్నవి. అన్నీ మనిషి చేతిలో ఉండవు. స్వీడన్‌లో చట్టప్రకారం జూన్–ఆగస్టు మధ్య నాలుగు వారాలు వరసగా సెలవు తీసుకునే హక్కు ఉంది. దేశమంతా దాదాపు ఒకేసారి సెలవులో ఉంటుంది. ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన టెర్రీ హార్టిగ్ బృందం 1993 నుంచి 2005 దాకా వివరాలు పరిశీలించి 2013లో చెప్పిందేమంటే, ఒకే నెలలో ఎక్కువమంది సెలవులో ఉన్నకొద్దీ కుంగుబాటు మందుల వాడకం తగ్గింది. అందరూ ఒక్కసారే ఆగితే మెయిలు పంపేవాళ్లే ఉండరు, పని పోగుపడదు. సంక్రాంతికి మన ఊళ్లకు అలాంటి సామూహిక విరామం ఉంది కానీ, న్యూజెర్సీలోని క్లయింటుకి లేదు. జనవరి నడుమ ఆయన పూర్తి వేగంతో పనిచేస్తూ ఉంటాడు. మనవాళ్లు కోడిపందేల బరి దగ్గరున్నప్పుడు పుట్టిన టికెట్లన్నీ ముక్కనుమ మర్నాడు ఒక్కసారే మీద పడతాయి.

కొన్ని సంస్థలు, దేశాలు ఇక్కడే చెయ్యి పెట్టాయి. జర్మన్ కార్ల సంస్థ డైమ్లర్ 2014లో ఒక ఏర్పాటు తెచ్చింది. సెలవులో ఉన్న ఉద్యోగి కోరుకుంటే, అతనికి వచ్చే మెయిళ్లు వాటంతటవే చెరిగిపోతాయి. ‘ఆయన సెలవులో ఉన్నారు, ఈ మెయిలు తొలగిస్తున్నాం, అత్యవసరమైతే ఫలానా వారిని అడగండి’ అని పంపినవారికి జవాబు వెళ్తుంది. తిరిగొచ్చేసరికి ఇన్‌బాక్స్ ఖాళీ. ఫ్రాన్స్ 2017 జనవరి 1 నుంచి, ఆస్ట్రేలియా 2024 ఆగస్టు 26 నుంచి పనివేళల తర్వాత ఆఫీసు నుంచి తెగిపోయే హక్కును చట్టంలోకి తెచ్చాయి. 2025 దాకా అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి, ప్రతి 20 రోజుల పనికీ ఒక రోజు జీతంతో సెలవు రాసిచ్చింది. రోజులిచ్చిన చట్టం, ఆ రోజుల్లో ఫోను మోగకూడదని రాయలేదు. అప్పట్లో ఆ అవసరం రాలేదు. ఇప్పుడు వచ్చింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. సెలవు తర్వాతి దిగులు జబ్బు కాదు; వారం పది రోజుల్లో సద్దుమణుగుతుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, దేనిమీదా ఇష్టం లేకపోవడం, ఆఫీసు తలుచుకుంటేనే గుండె దడ ఉంటే అది పండగ మత్తు కింద కొట్టిపారెయ్యదగ్గది కాదు. డాక్టరును కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ–మానస్ 14416 నంబరుకి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

టీమ్ లీడర్లు, సెక్షన్ సూపరింటెండెంట్లు, బ్రాంచి మేనేజర్లు, హెడ్‌మాస్టర్లు ఒక్క పని చెయ్యగలరు. వచ్చే సంక్రాంతికో దసరాకో మీ మనిషి ఊరెళ్లేటప్పుడు, ఆ మనిషి పని ఎవరు చూస్తారో పేరుతో సహా ఖాయం చెయ్యండి. తిరిగొచ్చిన రోజు పొద్దున రివ్యూ మీటింగు పెట్టకండి. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఖాళీ వదిలి, మీరే పక్కన ఓ పావుగంట కూర్చుని తను లేని రోజుల్లో ఏం జరిగిందో నోటితో చెప్పండి. వందల మెయిళ్లు చదివి తెలుసుకోవాల్సింది ఆ పావుగంటలో తెలిసిపోతుంది.